ఊదారంగు ఓణీ

గంజి గేదెకి పోయాలిగానీ బురదకి పోయడమేమిటని జీవరత్నమ్మ రోజూ కోడలి మీద విసుక్కునేది. వనజ విననట్టే ఆ గంజిని పెరటి గుంటలోని నల్లబురదలో కలిపేది. బురదలోని సూక్ష్మజీవులు గంజి తిని బలిసి, భర్త అద్దకం షెడ్డు నుంచి వచ్చే నీళ్ళలో రంగును విరిచేవి. మిగిలినదాన్ని పక్క గుంటలో గుర్రపుడెక్క వేళ్ళు పట్టుకునేవి. కుళ్ళిన మొక్కలు ఏరి కొత్తవి వెయ్యడానికి మోకాళ్ళలోతు కంపులో దిగేది వనజే. టెక్కలి కాలేజీలో చదివిన బోటనీ అలా అక్కరకొచ్చింది. సోంపేట నుంచి ఎవరైనా చూడ్డానికొస్తే భర్త సాల్మన్ రాజు "నా ప్లాంటు" అని తిప్పి చూపించేవాడు. ఆమె టీలు తెచ్చేది.

రంగు పూర్తిగా పోయాకే గుంట తూము తీసి నీళ్ళు చెరువు రేవులోకి వదలాలి. ఆ శనివారం సాయంత్రం ఊదారంగు నూలు ఆర్డరు తొందరలో, కొత్త సెల్‌ఫోన్ చెవిన పెట్టుకునే రాజు తూము ఎత్తేశాడు.

"రేపు మన పిల్ల బాప్తిస్మం ఆ రేవులోనే గదండీ. రంగింకా పోనేదు," అంది వనజ.

"నీ గడ్డి సదువు నాకు సెప్పకు. అంత సెరువులో ఏటి కనబడతాది?"

అత్తగారు వాకిట్లో వింటోంది. వనజ చేటలోకి తల దించుకుని బియ్యం ఏరుకుంది.

ఆదివారం సంఘమంతా గట్టు మీద పాట అందుకుంది. పాస్టరుగారు వనజ కూతురు జెన్నిఫర్‌ని నీళ్ళలో ముంచి లేపారు. పిల్ల తెల్ల ఓణీ ఊదామరకలతో పైకి తేలింది. పాట ఆగిపోయింది. తప్పు తనదే అయినట్టు పిల్ల రెండు చేతులూ గుండెలకి అడ్డం పెట్టుకుని తల దించుకుంది.

"మా ఆడది ఏవో మొక్కలేసింది. అయ్యి పని సెయ్యనేదు," అన్నాడు రాజు నవ్వేస్తూ. అందరి కళ్ళూ వనజ మీదికి తిరిగాయి.

ఒళ్ళంతా సిగ్గుతో మండిపోయింది. కూర మాడినా, పాలు విరిగినా, ఆయన ఆర్డరు పోయినా ఇంట్లో తల దించుకోవడం తన వంతే. అలవాటైన సిగ్గే. కానీ నిన్న బియ్యం చేటలోకి దించిన తలే ఇప్పుడు నీళ్ళలో కూతురి మెడ మీద కనిపించింది. ఆ సిగ్గు ముందు పాతవన్నీ చిన్నవైపోయాయి. తాను పిల్లకి నేర్పింది ఇదేనా?

ఎప్పట్లాగే పాస్టరుగారు, దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పేవాళ్ళుంటే ముందుకు రమ్మన్నారు. వనజ చీర తడుస్తున్నా నీళ్ళలోకి దిగి, కూతురి పక్కన నిలబడింది.

"మొక్కలు పని సేసాయి. బురదా పని సేసింది. అయ్యి పని సేసేలోగా తూము తీసేసింది ఈయన. రేపట్నించి ఆ తూముకి తాళం ఎడతాను. తాళంచెవి నా కాడే ఉంటాది."

గట్టు మీద ఎవరూ ఆమెన్ అనలేదు. జెన్నిఫర్ మాత్రం గుండెల మీంచి చేతులు దించింది.