మందుల బీరువాకు అత్తగారు

మహిమ వార్డులోకి వస్తోందని ఎవరూ చెప్పనక్కర్లేదు. నడుముకు దోపుకున్న తాళాల గుత్తి ఆమెకంటే ముందు వస్తుంది. ఆ గలగల వినపడగానే కబుర్లు ఆగుతాయి, ఫోన్లు జేబుల్లోకి వెళతాయి, కూర్చున్నవాళ్లు లేస్తారు. మైదుకూరు దగ్గరి ఆ చిన్న ఆసుపత్రిలో దీన్ని అందరూ క్రమశిక్షణ అనే అనుకున్నారు. మహిమ కూడా.

పాఠకులు తొందరపడొద్దు, ఆమె చెడ్డమనిషి కాదు. ఆమె సూది వేస్తే చంటిబిడ్డలు కూడా ఏడవడం మరిచిపోతారు. అందుకే హెడ్ నర్సును చేశారు. మన దగ్గర పద్ధతే అది. బాగా సూది వేసేవాళ్లను పట్టుకొచ్చి మనుషులను నడిపించమంటాం, ఎలా నడిపించాలో మాత్రం ఎవరమూ చెప్పం. దాంతో మహిమ తను చూసిన ఒకే ఒక్క పెత్తనాన్ని నమ్ముకుంది. వాళ్ల అత్త గింజల గది తాళాలు బొడ్లో దోపుకుని ఇల్లు నడిపిన తీరు అది. ఇంట్లో అది చెల్లింది కాబట్టి వార్డులోనూ చెల్లుతుందనుకుంది.

మందుల బీరువా తాళంచెవి ఆమె దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండదు. సెలవు రోజైనా ఇంటి నుంచి వచ్చి తీసి వెళ్లేది. ఒకసారి ఆమె అన్నం తింటుండగా, శివాని అనే చిన్న నర్సు బల్ల మీదున్న గుత్తి తీసుకుని ఒక సెలైన్ సీసా బయట పెట్టింది. ఆ అమ్మాయి చేత మహిమ సంజాయిషీ రాయించింది. రోగికి అవసరమైందని శివాని ఎంత చెప్పినా, నన్ను అడగల్ల గదా అన్నదొక్కటే మహిమ మాట. ఆ రోజు నుంచి ఆ గుత్తిని ఎవరూ ముట్టుకోలేదు.

కడపలో రెండు రోజుల నాయకత్వ శిక్షణకు మహిమను రమ్మన్నారు. మన సీమలో నాయకుడంటే తెల్లచొక్కా, తెల్లబండి, వెనక పదిమంది. సిస్టరమ్మ ఎలక్షన్లలో నిలబడతాందేమో అని వార్డులో చెవులు కొరుక్కున్నారు. మహిమకు మాత్రం మధ్యాహ్నం బిర్యానీ, చివర్లో సర్టిఫికెట్ తప్ప ఇందులో ఏముంటుందో అర్థం కాలేదు.

గదినిండా నర్సులు, హాస్టల్ వార్డెన్లు, అంగన్‌వాడీ సూపర్‌వైజర్లు. పాఠం చెప్పేది రాహేలమ్మ, రిటైరైన మేట్రన్. ఫోన్లన్నీ మూగనోములో పెట్టించి, ఆమె ఒక్కటే అడిగింది.

"మీరు ఈడ కూర్చున్నారు గదా. ఆడ ఏ పని ఆగిపోయింటాది?"

తను లేకుంటే హాస్టల్లో పొయ్యి కూడా వెలగదని ఒక వార్డెన్ గర్వంగా చెప్పింది. చప్పట్లు. తను చెప్పనిదే ముసలివాళ్ల దుప్పట్లు కూడా మారవని వృద్ధాశ్రమం నడిపే ఆయన చెప్పాడు. ఇంకా చప్పట్లు. తన వంతు కోసం మహిమ సర్దుకుని కూర్చుంది.

"శానా బాగుండాది," అంది రాహేలమ్మ. "మిమ్మల్నంతా పిలిపించి జిల్లానే ఆపేసినట్టుండానే."

ఒకరిద్దరు నవ్వబోయి మానుకున్నారు. మహిమకు ఎందుకో ఫోన్ చూడాలనిపించింది. తెరనిండా శివాని పేరే.

బయటికొచ్చి ఫోన్ కలిపింది. పసుపు చేలో కృష్ణవేణమ్మ అనే ఆమెను నాగుపాము కరిచిందట. కనురెప్పలు వాలిపోతున్నాయట. పక్క ఊరి క్యాంపులో ఉన్న డాక్టరు, విరుగుడు మందు ఎక్కించండి, వచ్చేస్తున్నానని ఫోన్లో చెప్పాడట. మందు బీరువాలో ఉంది. తాళంచెవి కడపలో ఉంది.

"పగలగొట్టు పాపా," అంది మహిమ.

"పగలగొడతాండారక్కా. నేను కాదు."

వెనక ఇనుము మీద ఇనుము పడుతున్న చప్పుడు. కృష్ణవేణమ్మ భర్త ఓబుళేశు, ప్రహరీగోడ పని దగ్గర దొరికిన గడ్డపార తెచ్చుకున్నాడు. ఆ పూట ఆ ఆసుపత్రిలో మహిమకు భయపడని మనిషి ఆయనొక్కడే.

బస్సు కోసం ఆగకుండా మహిమ ఆటో మాట్లాడుకుంది. దారంతా ఆ రెప్పలే కళ్లముందు కనపడ్డాయి. వచ్చేసరికి మందు ఎక్కుతోంది, డాక్టరు మంచం పక్కనే ఉన్నాడు. ఇంకాస్త ఆలస్యమైతే ఊపిరి అందేది కాదన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా. పొద్దు వాలే వేళకు కృష్ణవేణమ్మ కళ్లు తెరిచి, ఎనుముకు నీళ్లు పెట్టినావా అని మొగుణ్ణి అడిగింది. ఓబుళేశు తలగుడ్డ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

మహిమ శివానిని వరండాలోకి పిలిచింది. మనిషి ప్రాణం పోతుంటే చూస్తూ నిలబడతారా, నేను ఫోన్ ఎత్తకపోతే మీకు చేతులు లేవా అని తిట్లతోనే మొదలుపెట్టింది. శివాని తల వంచుకునే ఉంది. కానీ ఈసారి నోరు మూసుకోలేదు.

"ఆమె పోయింటే దేవుడు తీసకపాయ అంటారక్కా. తాళం పగిలింటే మాత్రం శివాని పగలగొట్టింది అంటారు."

వీళ్లకు బాధ్యత లేదని మహిమ ఇన్నాళ్లూ ఇంట్లో, చర్చిలో అందరికీ చెప్పుకుంది. బాధ్యత తీసుకున్న ఆ ఒక్క రోజు ఈ పిల్లకు తను ఏం బహుమానం ఇచ్చిందో ఇప్పుడు గుర్తొచ్చింది. పరాయివాడు గడ్డపార ఎత్తేదాకా తన మనుషులు తన కోసమే ఎదురుచూశారు. అలా ఎదురుచూడడం నేర్పింది తనే.

రెండో రోజు శిక్షణకు మహిమ వెళ్లలేదు. శివానిని పంపింది. కాసేపటికి రాహేలమ్మ దగ్గర నుంచి ఫోన్.

"ఏమ్మే, హెడ్డు నువ్వయితే ఈ పిల్లను పంపినావు?"

జరిగిందంతా మహిమ చెప్పింది. ఇకమీదట వారంలో సగం దినాలు వార్డు శివానిదేనని, తను పక్కనుండి చూస్తానని చెప్పింది.

"ఆ పిల్ల తప్పు చేస్తేనో?"

"నాకొచ్చి చెప్తే చాలు మేడం. డాక్టరుకు జవాబు నేను చెప్పుకుంటా."

రాహేలమ్మ, పక్కన వింటున్నవాళ్లకు కూడా చెబుతున్నట్టు, నిదానంగా అంది.

"మనకు భయపడేటోళ్లు ముందు తమను కాపాడుకుంటారు పాపా, ఆ తర్వాతే రోగిని. పెద్ద కుర్చీ ఎవరికిచ్చినా, ఈ ఒక్క మాట నేర్పించినాకనే ఇయ్యల్ల."