రెండో గీత

పరీక్ష పట్టీ మీద రెండో గీత తేలగానే మన్నూబియా పిన్నితో చెప్పేశాను. పిల్లుల ఎయిడ్స్. మనుషులకు అంటదు గానీ కాటు ద్వారా మరో పిల్లికి అంటుతుందన్నాను. హల్ఫావీన్ పేటలోని ఆమె ఇంట్లో ముసలి గండుపిల్లి ఉంది. అందుకని నాకు చూపించిన నల్ల పిల్లికూనను మేడమీద బట్టలుతికే గదిలో పెట్టి గొళ్లెం వేసింది.

కూన కార్డులో వయసు ఎనిమిది నెలలని రాసింది నేనే. ఆమెను అడగలేదు, బరువు చూసి రాశాను. పశువైద్యుడిగా పదిహేనేళ్ల అనుభవం ఒకరిని అడగడాన్ని నామోషీగా భావించింది.

నాలుగు రోజులకు ఆమె ఒక్కతే వచ్చింది.

"ఎనిమిది నెలలా? ఎవరు చెప్పారయ్యా నీకు?"

"ఒళ్లు చూస్తే తెలియదా పిన్నీ?"

"అది సార్డీన్ చేపలు తిని పెంచిన ఒళ్లు! మౌలిద్ పొద్దున, ప్రవక్త పుట్టినరోజని, నేను అసీదా పాయసం కలుపుతున్నాను. గరిటె ఆపితే అడుగంటదూ? నా కాళ్ల దగ్గరే ఈనింది దాని తల్లి. పాయసంలో వేసే ఆ నల్లగింజల పేరే పెట్టాను, జ్గూగూ అని. నువ్వు పేరైనా అడిగావా?"

వేళ్లమీద లెక్కపెట్టాను. మౌలిద్ నుంచి ఐదు నెలలు కూడా నిండలేదు. ఈ పరీక్ష వైరస్‌ను చూడదు, దానితో పోరాడే యాంటీబాడీలను చూస్తుంది. తల్లి పాలతో వచ్చినవైతే ఆరు నెలలకల్లా పోతాయి. నాకు తెలిసిన సంగతే.

"తొందరపడ్డాను పిన్నీ. రంజాన్ పండుగ వెళ్లాక మళ్లీ చూద్దాం."

"అందాకా అది లోపల, నువ్వు బయట!"

ఆ రెండు నెలలూ, ఉపవాసపు మధ్యాహ్నాల్లో మరీను, నా ఒంటరి ఇంట్లో పిల్లి అరుపు వినిపిస్తున్నట్టే ఉండేది. నా తీర్పే నిజం కావాలని నాలో ఒకడు కోరుకుంటున్నాడు. వాణ్ణి గుర్తుపట్టి సిగ్గుపడ్డాను.

పండుగ మర్నాడు ఆమె మేడ ఎక్కాను. గదిలో నెత్తురు చుక్క తీసుకుని బయటికొచ్చి గొళ్లెం వేశాం. ఆమె పట్టీని చూడలేదు, నా మొహం చూసింది. పది నిమిషాలు. నమ్మలేక ఇంకో ఐదు.

ఒక్కటే గీత.

"లేదు పిన్నీ! దానికా జబ్బు లేదు!"

ఆమె పెళ్లిళ్లలోలా నాలుకాడిస్తూ సంతోషంతో కేక పెట్టింది. పక్క మేడల ఆడవాళ్లు సంగతి తెలియకుండానే అందుకున్నారు.

"పెళ్లి ఎవరికే?"

"పెళ్లి కాదే, డాక్టరు ఓడిపోయాడు!"

ఓడిపోయి నేనంతగా నవ్వింది ఎన్నడూ లేదు.

"వేయించింది నువ్వే, తియ్యి," అంది గొళ్లెం చూపిస్తూ.

తీశాను. మెట్ల కింద గండుపిల్లి బుస్సుమంది. జ్గూగూ తోకెత్తుకుని దాని పక్కనుంచే వంటింట్లోకి నడిచింది.