నాలుగు హద్దుల నడుమ రత్తాలు

అంకమ్మ యీ లోకమున నన్నింటికంటె నెక్కువగా భయపడిన దొక్కటియే. తన యేడేండ్ల కూతురు రత్తాలు పదుగురి యెదుట నోరు తెఱచి తాత చూపిన చోటు తనకు దెలియునని చెప్పునేమో యని. చావునకామె యంతగా భయపడలేదు. ఆ యొక్క మాటకే భయపడెను.

అది వైశాఖమాసము. ప్రళయాగ్నిజ్వాలాసదృశంబులగు చండభానుకిరణంబులు గుండ్లకమ్మ యొడ్డునంగల నల్లరేగడి నేలను చేయి దూరునంతగా జీల్చివేయ పొగాకుమోళ్లు మాత్రమే మిగిలిన యా బయలునందు వేడిగాలి సుడులు దిరుగుచు ధూళిధూసరితంబగు నాకసమున గ్రద్దలను దక్క మఱొక ప్రాణిని నిలువనీయకుండ మధ్యాహ్నము మండుచుండెను.

ఆ బయలు నడుమ మూడెకరముల చెక్క అంకమ్మ మామగారగు పెదకోటయ్యది. దాని దస్తావేజునందు చెక్కుబంది యిట్లు వ్రాయబడియుండెను. తూర్పు వాగు, ఉత్తరము బండ్లదారి, పడమర మోటబావి, దక్షిణము దాయాదియగు మాలకొండయ్య చేను, నడుమ హద్దుఱాయి. మొదటి మూడును కదలనివి. నాలుగవది మనుష్యుడు పాతినది గనుక మనుష్యుడే పెకలించెను.

ఱాతికి నోరు లేదని యెఱిగిన యా వంశమువారు తాతలనాటినుండి యొక యాచారము పాటించుచుండిరి. హద్దుఱాతి క్రింద బొగ్గులును ఊకయు నింపిన కుండ నొకదానిని పూడ్చి యింటిలో నందఱికంటె చిన్నబిడ్డకు మాత్రమే యా చోటి గుఱుతు నేర్పుదురు. పెద్దలు ముందు పోవుదురు, చిన్నబిడ్డ చిరకాలము బ్రదికి సాక్ష్యము పలుకునని వారి తలంపు. పెదకోటయ్య మనుమరాలిని మోటబావి యంచునుండి మడమకు వ్రేలు తాకించి నడిపించి యడుగులు లెక్కపెట్టించెను. నూటయెనుబది యడుగులని నిరుడు బిడ్డ యింటికి వచ్చి పాడుకొనుచుండగా అంకమ్మ విని యుండెను.

పదిదినముల క్రిందట మాలకొండయ్య పట్టపగలే గడ్డపారతో నా ఱాతిని పెకలించి గుంట గుఱుతు దెలియకుండ పూడ్చి యిరువది గజములు పెదకోటయ్య చేనిలోనికి జరిపి పాతబోవుచుండగా ముసలివాడు పరుగునవచ్చి ఱాతిపై బోరగిలబడి కౌగిలించుకొనెను.

"లే బాబాయ్, మర్యాదగా లే!"

"నువ్వు లెమ్మంటే లేస్తానా అబ్బయా? దీన్ని మీ నాయనా నేనూ కలిసి పాతాం."

అదియే యాతని కడపటి మాట. గడ్డపార యా వృద్ధుని వెన్ను విఱిచి క్రిందనున్న ఱాతిని దాకి నిప్పులు రాల్చెను. చూచినవారు పదునొకండ్రు. చూచితిమని చెప్పినవా డొక్కడును లేడు.

నేడు చేని కొలతకై సర్కారు అమీను వచ్చెను. గొలుసు మొదలిడవలసిన ఱాయియే చోటు దప్పియుండుటచే నాతడు మూడుమాఱులు కొలిచి మూడుమాఱులును మాలకొండయ్యకే నేల హెచ్చుగా వచ్చుట గాంచి చెమట తుడుచుకొని "భూమి లోపల గుర్తులేవన్నా ఉంటే ఇప్పుడే చెప్పండయ్యా. లేదా ఈ రాయే ఖాయం చేసి సంతకం పెడతా" ననెను.

గట్టున కీవల నావల బరిసెలు మెఱయుచుండెను. అంకమ్మ మగడు వీరనారాయణ కొడవలి చేతబట్టి దవడ బిగించి నిలిచియుండగా మాలకొండయ్య నవ్వెను.

"ఏమ్మా అంకమ్మా, మా తమ్ముడు కొడవలెందుకు తెచ్చాడు? గడ్డం గీసుకోడానికా?"

అందఱును నవ్విరి. ఆ నవ్వు సద్దుమణిగిన క్షణమున తల్లి కొంగు బట్టుకొనియున్న రత్తాలు "కుండ యాడుందో నాకు దెలుసు. తాత చూపించాడు" అనెను.

అంకమ్మ యఱచేత బిడ్డ నోరు మూసెను. బిడ్డ కఱచెను. తల్లి దాని చెంప చెళ్లుమనిపించెను.

"పసిముండ, కలగని వాగతంది! నమ్మబాకండి అయ్యా!"

"పిల్లను కొట్టబాకమ్మా. రా తల్లీ, పెదనాయనకు చూపిద్దువుగాని" యని మాలకొండయ్య వంగి చేయి చాచెను. ఆ చేతి గోళ్లయందు ముసలివాని నెత్తు రింకను నల్లగా నున్నదని అంకమ్మకు దోచెను.

అంత నామెకొక యూహ తట్టెను. బిడ్డ పాదములు నిరుటికంటె పెరిగినవి. పాత లెక్క చొప్పున నడిచిన కుండను దాటిపోవును, త్రవ్విన మన్నే వచ్చును, పిచ్చిపిల్లయని నవ్వి విడిచెదరు, చేను పోయినను బిడ్డ దక్కును. ఇట్లు తలపోసి యామె కూతురి చేయి వదలెను. అదియే యామె చేసిన తప్పు.

రత్తాలు బావియంచున బయలుదేఱి మడమకు వ్రేలు తాకించుచు బిగ్గఱగా లెక్కించుచు వచ్చి నూటడెబ్బది కడ నిలిచెను.

"ఇంకా పది ఉండయ్యే!" యని తల్లి యఱచెను.

"అది పోయినేడమ్మా. నా కాలు పెరిగింది గదా. మొన్న ఉగాదికి తాత మళ్లీ నడిపించాడు."

మోకాటిలోతున పాఱ ఠంగున మ్రోగెను. బొగ్గులు నల్లగా నుండెను. ఊక నిన్న దంచినట్లు పచ్చగా నుండెను.

అమీను వంగి చూచునంతలోనే మాలకొండయ్య గడ్డపార బాలిక తలపై లేచెను. అంకమ్మ యడ్డముగా దూకెను. దెబ్బ కుడిభుజమున బడి యెముక పుల్లవలె విఱిగిన చప్పుడు గట్టు చివఱదాక వినబడెను. ఆవెంటనే వీరనారాయణ కొడవలి మాలకొండయ్య మెడను ప్రక్కనుండి కోసెను. ఆ మహాకాయుడు త్రవ్విన గోతిలోనికి తలక్రిందుగా గూలగా వెచ్చని నెత్తురు కుండలోనికి పాఱి పచ్చని యూకను ఎఱ్ఱగా దడిపెను. రత్తాలు ఱెప్ప వేయక చూచుచుండెను. ఎవరును దాని కన్నులు మూయలేదు. మూయవలసిన చేయి విఱిగి వ్రేలాడుచుండెను.

అమీను కొలత వ్రాసి సంతకము చేసెను. చేను నిలిచినది. దున్నవలసిన వీరనారాయణ చెఱసాలకు బోయెను. మాలకొండయ్య కుమారు లిరువురును తండ్రి చితి యెదుట ఏడ్వలేదు. అంకమ్మ వాకిట నిలిచి యొక్కమాటయే చెప్పి పోయిరి.

"పిల్లను పెరగనీ పిన్నీ. అడుగులు మేమూ లెక్కపెడతానే ఉంటాం."

పఠితలారా, మీలో నెవరేని గుండ్లకమ్మ దాటి యా యూరి దారిన బోవువారున్నయెడల ఆ యింటి చెక్కుబంది వినుడు. తూర్పు వీధి, ఉత్తరము గొడ్లపాక, పడమర పెంటదిబ్బ, దక్షిణము మాలకొండయ్య కుమారుల యిల్లు, నడుమ మట్టిగోడ. ఆ గోడ నిలువెత్తయినను లేదు. ఈ నాలుగు హద్దుల నడుమ కుడిచేయి లేవని యొక తల్లియు నొక చిన్నదియు గలరు. గుమ్మమున నిలిచి రత్తాలూ యని యొక్కమాఱు పిలువుడు. పలికినదో లేదో చూచి రండు.