మరీసెల్ వంతు

మా వీధిలో ఆరే ఇళ్ళు. ఏడాదికొక ఇల్లు వీధి పెద్దరికం మోయాలి. చెత్త వేసే చోటు ఊడ్పించాలి, సంఘం కబుర్లు ఇంటింటికీ తిప్పాలి, వసంతంలో మురుగుకాలువ శుభ్రం చేయించాలి. జీతం ఉండదు, మాటలు మాత్రం దండిగా పడతాయి. అందుకే వంతు దగ్గరపడేసరికి అందరికీ నడుం నొప్పులు పుట్టుకొస్తాయి. నాకూ వస్తాయి, దాచడమెందుకు.

మా పక్కిల్లు మరీసెల్‌ది. ఫిలిప్పీన్స్ నుంచి జపాన్ వచ్చి, మా వీధిలో పంతొమ్మిదేళ్ళుగా ఉంటోంది. వృద్ధాశ్రమంలో వంట చేస్తుంది, ఇల్లు కూడా కొనుక్కుంది. అయినా ఆమె వంతు వచ్చినప్పుడల్లా మా సంఘం అధ్యక్షుడు కురమోచి "పాపం, ఆమెకి కష్టం" అని దాటేస్తాడు. దాటిన వంతు తర్వాతి ఇంటి మీద, అంటే నా నెత్తిన పడుతుంది.

ఈ మార్చి సమావేశంలో నాలుగోసారి అదే పాట ఎత్తుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆమెకి కష్టమైతే నా మోకాళ్ళకి సుఖమా అని అడిగేశాను. అడిగింది న్యాయం కోసం కాదు, మోకాళ్ళ కోసమే. ఆమెకి మన పద్ధతులు తెలియవేమో అని ఆయన నసిగాడు. అదే కురమోచి వాళ్ళమ్మగారిని ఆశ్రమంలో చేర్చినప్పుడు కాగితాలన్నీ దగ్గరుండి నింపిపెట్టింది మరీసెలే.

అప్పుడు మరీసెల్ లేచింది.

"పంతొమ్మిదేళ్ళుగా నన్ను చుట్టంలా చూసుకుంటున్నారు, కురమోచి గారూ. బాగానే ఉంది. కానీ చుట్టానికి వంతుండదు. నా వంతు నాకు కావాలి."

ఎవరూ వద్దనలేదు. వద్దంటే తమ వంతు ముందుకొస్తుందని అందరికీ తెలుసు. కురమోచి తల గోక్కుని ఆమె పేరు రాసుకున్నాడు. ఆమె కళ్ళు తుడుచుకుంటుంటే, నేనే గెలిచినట్టు తాపీగా టీ తాగాను.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం, ఎనిమిదింటికి కాలువ పని. పక్కింటామే ఈ ఏడు వీధి పెద్ద కదా, చూసీ చూడనట్టు పోతుందిలే అని నేను ముసుగుతన్ని పడుకున్నాను. ఎనిమిదీ అయిదుకి కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే మరీసెల్, రబ్బరు బూట్లతో, చేతిలో పారతో.

"ఒంట్లో బాగోకపోతే నిన్ననే చెప్పాలి, తోకియే గారూ. కురమోచి గారు డెబ్భై అయిదేళ్ళ వయసులో కాలువలోకి దిగారు. మీరు కనీసం సంచి మూతి పట్టుకోండి."

ఇన్నేళ్ళలో ఆమె నాతో థాంక్స్, సారీ తప్ప అన్నది లేదు. గబగబా బూట్లు తొడుక్కుని వెళ్ళాను. మీకూ తిట్లు పడ్డాయా అన్నాడు కురమోచి బురదలోంచి. సంచులు తక్కువ తెచ్చినందుకు ఆయనకి ముందే పడ్డాయట.

మూతి ముడుచుకుని సంచి పట్టుకున్నాను. మరీసెల్ అందులోకి బురద ఎత్తిపోస్తూ, కోపమొచ్చిందా అని అడిగింది. రాదా మరి అన్నాను.

"అయితే మీరూ తిట్టండి. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నన్ను తిట్టారా?"

తిట్టలేదు. ఆమె వెనక మిగతా ఇళ్ళవాళ్ళతో మాత్రం చాలా అన్నాను. సిగ్గేసింది. ఇక మొహం మీదే మొదలుపెట్టాను.

"తెల్లారకముందే ఆ పాటలేంటి నీకు? గోడలు అదిరిపోతున్నాయి. పదేళ్ళుగా సరిగ్గా నిద్రలేదు నాకు."

మరీసెల్ పార వదిలేసి, పొట్ట పట్టుకుని నవ్వింది. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నాకూ ఆగలేదు. సంచి చేజారి బురదంతా కురమోచి మీద పడింది. ఆయన ఇద్దర్నీ కలిపి తిట్టాడు.