ఇద్దరు చదివితేనే

"మీకు ఇక్కడ ప్రవేశం లేదు."

ఆ మాట పలికింది పెద్దన్న కంప్యూటరే. చూపులేనివారికి తెర మీది అక్షరాన్ని చదివి వినిపించే గొంతు అది. దానికి ఏళ్లతరబడి పలుకు నేర్పినవాడు ఆయనే. ఆ గొంతే ఈనాడు ఆయనను గుమ్మం బయట నిలబెట్టింది. పెద్దన్న మళ్లీ మీట నొక్కాడు. మళ్లీ అదే మాట.

అంధుల గ్రంథాలయంలో ఆయన పక్కనే కూర్చున్న గువ్వ తల దించుకుంది. నోరెత్తని పిల్ల అని అందరూ పెట్టిన పేరది. ఆయన దగ్గరే కంప్యూటరు కోడు రాయడం నేర్చి, ఆ గొంతు కోడుకు తన దగ్గర చోటిచ్చిన కంపెనీలోనే కొలువుకు కుదిరింది. ఎవరేం చదువుతున్నారో గుట్టుగా కంపెనీకి చేరవేసే మార్పును పెద్దన్న ఒప్పుకోలేదు. అందుకే ఆ కోడులోకి ఆయన ప్రవేశం తీసేశారు.

సాయంత్రానికి ఆ గొంతును వాడేవాళ్లతో, దాని కోడు రాసేవాళ్లతో గ్రంథాలయం గది నిండింది.

"కోడు అందరిదీ. మూట కట్టుకుని పోదాం," అన్నాడొక విద్యార్థి.

"ఎక్కడికి నాయనా, మీ అత్తారింటికా?" అంది టెలిఫోన్ ఆపరేటరమ్మ.

"యజమాని లేని ఫౌండేషన్ ఒకటి చోటిస్తానంది," అన్నాడు పెద్దన్న. "అక్కడ అందరూ చేతులెత్తితేనే తీర్మానం. కానీ వేలమంది కంప్యూటర్లు కబురు కోసం పాత గుమ్మం వైపే చెవి పెట్టి ఉన్నాయి. ఇల్లు మారామని అక్కణ్ణుంచే చెప్పాలి."

గది మొత్తం గువ్వ వైపు తిరిగింది. వాళ్లలో ఆ గుమ్మం దాటగలిగేది ఇక ఆమె ఒక్కతే.

"నా కొలువు పోతే ఇల్లు గడవదు," అంది గువ్వ.

"నిన్నెవరూ బలవంతపెట్టరు తల్లీ," అంది ఆపరేటరమ్మ. "పొద్దున మా చెల్లి ఉత్తరం నాకు ఈ గొంతే చదివింది. రేపట్నుంచి మీ మేనేజరూ వింటాడు. అదొక్కటే నా బాధ."

మర్నాడు మేనేజరు గువ్వ బల్ల దగ్గరికి వచ్చాడు. ప్రాజెక్టులో ఒక కట్టుబాటు ఉంది. ఏది చేర్చాలన్నా, రాసినవారు కాక మరో ఇద్దరు 'చదివాను' అని పేరు పెట్టాలి.

"ఆ కొత్త మార్పు మీద మా పేర్లే ఉంటే జనం నమ్మరు. నీది పెట్టు. మొన్న పక్క బల్లాయన చదవకుండానే పెట్టాడు."

"నేను చదివాను సార్. అందుకే పెట్టను."

మేనేజరు ముఖం మాడ్చుకుని లోపలికి నడిచాడు. గువ్వ తెర వైపు తిరిగింది. 'ఇల్లు మారాం. పాత ఇంట్లో మీ చదువు మీద కన్నేశారు' అని రాసి, కొత్త చిరునామా జోడించి, చదవమని అందరి ముందూ పెట్టింది.

ఫోనులో విద్యార్థి తొందర: "ఆగకక్కా, చేర్చెయ్."

"ఇద్దరు చదవాలి."

"వాళ్లు నీ తలుపు మూసేస్తున్నారు."

"చదవకుండా చేర్చేది వాళ్లు."

ఆపరేటరమ్మ 'చదివాను' అంది. తర్వాత ఎవరూ లేరు. గాజు గదిలో మేనేజరు ఫోనెత్తాడు. అప్పుడు, ఎన్నడూ కలవని ఎవరో దూరపు మనిషి: 'చదివాను'. గువ్వ మీట నొక్కింది. కబురు వెళ్లింది.

మరుక్షణం ఆమె తెర మీదా అదే మాట వెలిసింది: ప్రవేశం లేదు.

సాయంత్రం గ్రంథాలయంలో, వీధిలో, ఎక్కడెక్కడో ముంగిళ్లలో కంప్యూటర్లు ఒకే గొంతుతో చదివాయి: ఇల్లు మారాం. కంపెనీ ఆ కబురు చెరిపేసేసరికే అది చెవుల్లో పడిపోయింది. ప్రాజెక్టు పేరు తమదంటూ కంపెనీ నోటీసు పంపింది.

"పేరు వాళ్లనే ఉంచుకోమను," అన్నాడు పెద్దన్న. "కొత్త ఇంట్లో మొదటి తీర్మానం. గువ్వకు తాళంచెవి. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి."

"ఎత్తితే ఎవరికి కనపడతాయన్నా?" అంది ఆపరేటరమ్మ. "గొంతెత్తమను."

గది గొంతెత్తింది. ఆ హోరులో, అందరికన్నా ఆఖరున, గువ్వ గొంతు కూడా వినిపించింది: "నోటీసు ఇటివ్వండి. ముందు ఇద్దరం చదువుదాం."