ఏ6 పక్కన బీ6

బాలమల్లు కంప్యూటర్ షీటులో బీ2 నుంచి బీ4 దాకా మౌస్ లాగి, మూడు గళ్ళకూ పసుపు పూశాడు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు. సీ5, డీ5 గులాబీ. తోడు లేకుండా వచ్చే ఆడవాళ్ళు. నాంపల్లి స్టేషన్ ఎదుటి సందులో ఉన్న ఆ యాత్రల ఆఫీసులో, బస్సంటే ఆయనకు చక్రాల బండి కాదు. నాలుగు నిలువు వరుసలు, పది అడ్డ వరుసలు. షీటులో గడి నంబరే సీటు నంబరు. ఏ, డీ కిటికీలు. బీ, సీ నడవా వైపు.

పొట్టి మనిషి. గడి వెతికేటప్పుడు, సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు నాలుక కొస పంటికింద పట్టుకుంటాడు. ఇంట్లోనూ అంతే. కందిపప్పు ఏదంటే "బీ3" అంటాడు. భార్య లక్ష్మీనర్సమ్మ అలమరలో రెండో నిలువు, మూడో అర చూస్తుంది. డబ్బా అక్కడే ఉంటుంది. ఆమెకు ఒళ్ళు మండేది అందుకే.

ఆఫీసులో ఆయన రూలు ఒక్కటే. బస్సు తలుపుకు అతికించిన చార్టు మారదు. ఎవరు బతిమాలినా మారదు.

రేపటినుంచి జనమే ఫోన్లో సీట్లు ఎంచుకుంటారట. రంగులు పూసే పని లేదు. అందుకే యజమాని వరప్రసాద్ ఈ సాయంత్రం పండరిపురం బస్సులో రెండు సీట్లిచ్చి సాగనంపుతున్నాడు. ఇన్నేళ్ళూ ఊరందరినీ బస్సెక్కించిన మొగుడితో లక్ష్మీనర్సమ్మ ఒక్క యాత్రకూ వెళ్ళలేదు. "కిటికీ నాకు, పక్కకు నువ్వు. ఇంకెవరు కూసున్నా నేను దిగిపోత," అంది. ఏ6, బీ6. రెండింటికీ లేతాకుపచ్చ వేశాడు. ఎవరికీ వేయని రంగు.

మధ్యాహ్నం బాలమల్లు మొజంజాహీ మార్కెట్లో జామకాయలు ఏరుతుండగా, యాత్రకు రావాల్సిన దుర్గయ్య ఫోన్ చేశాడు. జ్వరం, రాలేనన్నాడు. ఆయనది బీ7. వెంటనే యజమాని కూతురు భవ్య ఫోన్.

"అంకుల్, వెంకటరత్నమ్మ గారని ఒక్కరే వస్తున్నారు. కాళ్ళ నొప్పులట. ఎక్కడ వేయను?"

"బీ7 బిడ్డా. ఆడున్న పేరు తీసెయ్. ఆమె పేరేసి పసుపు కొట్టు. పక్కకు ఏ7ల సమ్మక్క ఉంది, ఫికర్ లేదు."

"మీరు చాలా మంచివారంకుల్," అంది భవ్య.

పసుపు రంగు కొట్టమన్నందుకు ఇంతనా అనుకున్నాడు బాలమల్లు.

సాయంత్రం బస్సు దగ్గరికొస్తే తలుపుమీద చార్టు. లక్ష్మీనర్సమ్మ పక్కన లేతాకుపచ్చ లేదు. పసుపు. వెంకటరత్నమ్మ. తన పేరు ఎక్కడా లేదు. రాని దుర్గయ్య మాత్రం సమ్మక్క పక్కన హాయిగా ఉన్నాడు.

బాలమల్లు చార్టు పైకి చూశాడు. శ్రీ. తాను ఎప్పుడూ పక్క గడిలో రాసే శ్రీని, చివరి చార్టు కదా అని వరప్రసాద్ షీటు నెత్తిన కొత్త వరుస చేర్చి కూర్చోబెట్టాడు. దేవుడు పైకెక్కేసరికి మనుషులంతా ఒక్కో మెట్టు దిగారు. ఆరో వరుస సీట్లు షీటులో ఏడో వరుసలోకొచ్చాయి. బీ7 అనగానే భవ్య తీసేసింది ఆయన పేరే.

లోపల, ముందే ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్న లక్ష్మీనర్సమ్మ పక్కన వెంకటరత్నమ్మ అప్పటికే శాలువా పరుచుకుంది. లోపలికెక్కిన బాలమల్లు చూపు నేలమీదే ఉంది. "నేను డ్రైవర్ కాడ కూసుంట తియ్," అన్నాడు.

లక్ష్మీనర్సమ్మ సంచీ ఒళ్ళోకి తీసుకుంది. "అందర్ని జతలు జతలు కూసోవెడ్తివి. నీ పెండ్లానికి గడి దొర్కలేదా? జరుగమ్మా, దిగుత."

బాలమల్లు గబగబా తలుపు దగ్గరికి నడిచి జేబులోంచి పెన్ను తీశాడు. డ్రైవర్ పోచయ్య నోరు తెరిచాడు. "మల్లన్నా! అతికించిన చార్ట్ మారదంటివి గద?"

"నా నౌకరి అయిపాయె. ఇప్పుడు నేను పాసింజర్‌ని."

దుర్గయ్య పేరు కొట్టేశాడు. అక్కడ వెంకటరత్నమ్మ పేరు, ఆమె గడిలో తన పేరు వంకరగా రాశాడు. వెళ్ళి వెంకటరత్నమ్మ ముందు చేతులు కట్టుకున్నాడు.

"ఒక్క వరసేగా నాయనా, మోకాళ్ళకేం తెలుస్తుంది," అని ఆవిడ లేచింది. "కానీ మీ ఆవిడ మీ మీద చెబుతున్న చాడీ సగంలో ఉంది. గట్టిగా చెప్పమను, వెనకనుంచి వింటా."

బస్సు కదిలింది. లక్ష్మీనర్సమ్మ కిటికీ అద్దం తోసి, బయటికి చూస్తూనే, ఓ జామకాయ మొగుడి చేతిలో పెట్టింది.

సందులోని ఆఫీసులో భవ్య కంప్యూటర్ కట్టేసి, కుర్చీ లోపలికి నెట్టబోయింది. కాళ్ళకేదో తగిలింది. బల్లకింద బాలమల్లు ఆఫీసులో వేసుకునే నీలం రబ్బరు చెప్పులు, మడమల దగ్గర కాగితంలా అరిగిపోయి, ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి.