గీత పడ్డ గీతం

మెకానిక్ తల వాషింగ్ మెషిన్ డ్రమ్ములో ఉండగా జేబులో ఫోను మోగింది. తల బయటికి తియ్యలేదు. పొద్దున్నుంచీ అదే మనిషి, అదే గోల. డ్రమ్ముకీ రబ్బరు చట్రానికీ మధ్య వేలు పోనిచ్చి, లోపల్నించి ఒక చొక్కా బొత్తం, వంగిపోయిన తలపిన్ను ఒకటీ లాగి నేలమీద పెట్టాడు. ఆ ఇంటావిడ వాటిని తనవి కావన్నట్టు చూసింది. ఫోను మళ్ళీ మోగింది.

"బావా, పెద్ద స్పీకరు వైరెక్కడ పెట్టావ్?" అవతల బావమరిది.

"మీ ఇంట్లోనే. మంచం కింద."

"మంచం కింద చాలా ఉన్నాయి బావా."

"అయితే వంగు," అని పెట్టేశాడు.

అతనికి యాభై మూడేళ్ళు. ఏ ఇంటికెళ్ళినా "మెషినబ్బాయి వచ్చాడు" అంటారు. సబ్బునీళ్ళలో నానీ నానీ వేళ్ళ చివర్లు తెల్లగా ముడతలు పడ్డాయి, కుడి మోకాలు లేచినప్పుడల్లా తన అభిప్రాయం వినిపిస్తుంది. పగలంతా బట్టల డ్రమ్ములతో వేగడం సరే, అది కూడు పెడుతుంది. ఏడాదికోసారి బావమరిది డ్రమ్ములతో కూడా వేగాలి. అవి పెట్టేదల్లా తలనొప్పి.

బావమరిది ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తా, సాయంత్రాలు డ్రమ్ములు కొడతాడు. గిటారు పళ్ళ డాక్టరు. పగలు నరాలు లాగి, సాయంత్రం తీగలు లాగుతాడు. లావు తీగల గిటారు వాయించేవాడు బ్యాంకు క్యాషియరు, నోట్లు తప్ప నోరు విప్పడు. పాడేది మాస్టారు. బళ్ళో భూగోళం చెప్పే ఈయనా, డాక్టరూ, క్యాషియరూ, మెకానిక్కూ ఒకే వీధిలో నిక్కర్లు చింపుకున్నవాళ్ళు. ఏటా ఒక సాయంత్రం వాయించే ముగ్గురూ, పాడే మాస్టారూ కలిసి, పాత రాక్ ఆల్బమ్ ఒకటుంది, దాన్ని మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరసగా వాయిస్తారు. రాక్ అంటే రాయి అని బళ్ళో చదువుకున్నది నిజమేనని ఆ స్పీకర్లు మోసినవాడికే తెలుస్తుంది. మోసేవాడు మెకానిక్. తీగ లాగితే డొంకంతా కదులుతుందంటారు. వీళ్ళు ఏ తీగ లాగినా మెకానిక్కే కదలాలి.

అతనికి వాయించడం రాదు. కానీ ఆ ఆల్బమ్‌లో అతనిదీ ఒక దెబ్బ ఉంది.

చిన్నప్పుడు డాక్టరు మేనమామ దగ్గర ఆ రికార్డు ఉండేది. దాని రెండో వైపు మూడో పాట మీద పెద్ద గీత. ఒక పాదం దగ్గరికి రాగానే సూది కాలు జారి, ఆ పాదాన్నే మళ్ళీ మళ్ళీ పాడించేది. రికార్డు ప్లేయరు పెట్టిన మేజాకి దగ్గరగా కూర్చునేది మెకానిక్ కాబట్టి దాని మీద పిడికిలితో ఒక పోటు పొడిచేవాడు. మెల్లగా పొడిస్తే సూది కదలదు, గట్టిగా పొడిస్తే పక్కపాటలో పడుతుంది. సరిగ్గా పడితే పాట నడుమంతా దాటి ఆఖరి చరణంలో వాలేది. వాళ్ళకి ఆ పాట అంతే. నేర్చుకోవడమూ అలాగే నేర్చుకున్నారు. పెద్దయ్యాక ఎవరింట్లోనో గీత లేని రికార్డు విన్నారు. నడుమ బోలెడంత గిటారు వినబడింది. "ఎవడో కల్తీ చేశాడ్రా," అన్నాడు డాక్టరు, మొహం చిట్లించి.

వేదిక మీదా అదే వరస. మాస్టారు ఆ పాదాన్ని మూడుసార్లు పాడతాడు, వెనకనున్న మెకానిక్ స్పీకరు చెక్కపెట్టె మీద ధబ్బున ఒకటి పొడుస్తాడు, నలుగురూ కలిసి ఆఖరి చరణంలోకి దూకుతారు. ఎవరూ అనుకుని పెట్టింది కాదు. మొదటి రిహార్సల్లో అతని చెయ్యే ఆ పని చేసేసింది.

దాంతో అన్నేళ్ళుగా అతను ఆ ఆల్బమ్ వీపు మాత్రమే విన్నాడు. స్పీకర్ల వెనక మాస్టారి గొంతు పక్కింట్లో తగాదాలా వినబడుతుంది. అందుకే ఈ ఏడు మొండికేశాడు. తనకీ భార్యకీ మూడో వరుసలో రెండు టికెట్లు కొన్నాడు. వారం కిందట మాస్టారే ఫోన్ చేశాడు, బొంగురు గొంతుతో.

"ఈసారికి వెనక ఉండరా. ఇదే ఆఖరు."

మెకానిక్‌కి ఒళ్ళు మండింది. ప్రతి ఏడూ ఇదే ఆఖరంటాడు. వీళ్ళ ఆఖరికి ఆఖరన్నదే లేదు. "నువ్వు నిరుడూ అదే అన్నావు, అంతకుముందేడూ అదే అన్నావు. నేను వినడానికొస్తున్నా, మొయ్యడానికి కాదు," అన్నాడు. అవతల కాసేపు దగ్గు, తర్వాత "సర్లే" అని వినబడింది. దెబ్బ సంగతి బావమరిది తన నెత్తినేసుకున్నాడు. ఒక్క పోటే కదా, పెద్ద డ్రమ్ము మీద నేనేస్తాలే అన్నాడు.

మధ్యాహ్నం ఇంకో రెండు ఫోన్లొచ్చాయి. ప్లగ్గులు చాలలేదని ఒకటి, మెట్ల మీద స్పీకరు ఇరుక్కుపోయిందని ఒకటి. రెండోదానికి వెళ్ళాడు. వెళ్ళి, అడ్డంగా తిప్పి, తిట్టి, పైకి చేర్చి వచ్చాడు. ఇంటికొచ్చేసరికి భార్య అతన్ని ఉతికి ఆరేసింది.

"టికెట్టు కొనుక్కుని మరీ కూలికెళ్ళే మనిషిని మిమ్మల్నే చూశాను."

"మీ తమ్ముడే కదా పిలిచింది."

"వాడు పిలుస్తాడు. మీరెందుకు పలుకుతారు?"

మెకానిక్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

హాలు ఒక ఉద్యోగుల క్లబ్బు పైఅంతస్తు. ఇనప కుర్చీలు, గోడకి పాత పోటీల కప్పులు. జనం కిందటేడు కంటే కొంచెం ఎక్కువే. అతను మూడో వరుసలో కూర్చుని, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక తొడలకింద పెట్టుకున్నాడు. మొదటి పాట మొదలైంది. అంతే, అతని నోరు తెరుచుకుంది. గిటారు ఎడమవైపునుంచి వస్తోంది. క్యాషియరు వాయించేది కుర్చీ కాళ్ళలోంచి పైకి పాకుతోంది. ఇంతకాలం ఉందనే తెలియని చిన్న గంటల చప్పుడొకటి, బావమరిది ఎడంచేత్తో, ఎంత సున్నితంగానో వేస్తున్నాడు. వెధవ, ఇది కూడా వచ్చా వీడికి అనుకున్నాడు. మాస్టారి గొంతు గరగరలాడుతోంది; పైకి వెళ్ళాల్సినచోట సగంలో ఆగి, మిగతాది కనుబొమ్మలతో పాడుతున్నాడు. అయినా మాటలన్నీ తెలుస్తున్నాయి. భార్య అతనివైపు చూసి, అతని చెయ్యొకటి తొడకింద నుంచి లాగి పట్టుకుంది.

రెండో వైపు, మూడో పాట. మాస్టారు ఆ పాదం పాడాడు. మళ్ళీ పాడాడు. మూడోసారి పాడాడు. బావమరిది పెద్ద డ్రమ్ము మీద దెబ్బ వేశాడు. ఎవరూ దూకలేదు. అన్ని దెబ్బల్లో అదీ ఒక దెబ్బ అయిపోయింది. మాస్టారు నాలుగోసారి అందుకున్నాడు. బావమరిది ఇంకా గట్టిగా వేశాడు. డాక్టరు కంగారుగా క్యాషియరు వైపు, క్యాషియరు నేల వైపు చూశారు. ఐదోసారి. జనంలో నవ్వులు మొదలయ్యాయి, ఇదేదో సరదా అనుకుని కొందరు చప్పట్లతో తాళం వేశారు. ఆరోసారికి మాస్టారి గొంతు అరిగిన బేరింగులా కీచుమంది. మెడలో నరాలు ఉబ్బాయి. ఆపితే పాట ఆగిపోతుందనే భయం కళ్ళల్లో కనిపిస్తోంది. ఆ కళ్ళు మూడో వరుసకొచ్చి ఆగాయి.

మెకానిక్ కదలకూడదనుకున్నాడు. డబ్బిచ్చి కొనుక్కున్న కుర్చీ. బతుకులో ఒక్క సాయంత్రం. ఇంకా ఆ పాట ఆఖరి చరణముంది, దాని తర్వాత అతనికి అన్నిటికన్నా ఇష్టమైన ఆఖరి పాట ఉంది, ముందునుంచి వినాలని ఇన్నేళ్ళు ఆగిన పాట. వేదికెక్కి దిగొస్తే మళ్ళీ వరుసలో అందరి కాళ్ళూ తొక్కుతూ రావాలి.

"దరిద్రుల్లారా," అని లేచాడు.

భార్య చెయ్యి వదిలేసింది. అతను కాళ్ళు తొక్కుకుంటూ, పక్క మెట్లెక్కి, వైర్లు దాటుకుంటూ వెనక్కి వెళ్ళి, చెక్కపెట్టె మీద పిడికిలితో ఒక్క పోటు పొడిచాడు. నలుగురూ ఒక్క మనిషిలా ఆఖరి చరణంలో వాలారు.

ఆ తర్వాత కిందికి దిగలేదు. ఆఖరి పాట స్పీకర్ల వెనకే, పక్కింటి తగాదాలాగే విన్నాడు. మాస్టారి చొక్కా వీపంతా తడిసి ఒంటికి అంటుకుపోవడం మాత్రం దగ్గరగా కనబడింది. భుజం ఎముకలు ఎప్పుడింత బయటికొచ్చాయో.

చప్పట్లయ్యాక అతను అలవాటుగా వంగి వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు. మాస్టారు వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. రెండుసార్లు తట్టి పక్కతలుపు గుండా వెళ్ళిపోయాడు. ఒక్క మాట థ్యాంక్స్ చెబితే వీడి సొమ్మేం పోయిందని మెకానిక్ గొణుక్కున్నాడు. కిటికీలోంచి చూస్తే కింద కారు దగ్గర మాస్టారి భార్య పెద్ద బ్యాగు పట్టుకుని నిలబడి ఉంది.

"ఎక్కడికిరా వీళ్ళ ప్రయాణం?"

బావమరిది డ్రమ్ము మర విప్పుతూ తలెత్తలేదు. "ఆసుపత్రికి బావా. గొంతులో గడ్డ. రేపు పొద్దున తీసేస్తారట, గొంతుతో సహా."

మెకానిక్ చేతిలో వైరు చుట్ట ఆగిపోయింది.

"నాకెవడూ చెప్పలేదేం?"

"మాస్టారే చెప్పారుగా. ఇదే ఆఖరని."

కింద కారు కదిలిన చప్పుడైంది. మెకానిక్ కిటికీ దగ్గరికి వెళ్ళలేదు. వైరును మోచేతికీ బొటనవేలికీ మధ్య వేసి మళ్ళీ చుట్టసాగాడు, దాని వెంటే ఒక్కొక్క అడుగూ వేస్తూ. వైరు అతన్ని మైకు దగ్గరికి తీసుకెళ్ళింది. స్టాండు కింద మాస్టారి ఫ్లాస్కు మిగిలి ఉంది, పక్కనే బోర్లించకుండా పెట్టిన దాని మూత, అందులో పోసుకుని తాగని వేణ్ణీళ్ళు, వాటి మీద ఇంకా సన్నగా ఆవిరి.